కాలు లాగేస్తోంది... ఆపరేషన్‌కు తేదీ చెప్పాలా, ఆగాలా?

43 ఏళ్ల పాఠకురాలు ఒకరు పెద్ద ఉత్తరం రాశారు. ఆమె ఎవరో తెలియకుండా, అవసరమైనంత వరకు ఇక్కడ ఇస్తున్నాను.

ఆమెది అకౌంట్ల పని. రోజుకు ఎనిమిది తొమ్మిది గంటలు కుర్చీలోనే. రెండున్నర నెలల కిందట నేల మీదున్న ఫైళ్ల పెట్టెను వంగి ఎత్తబోతే నడుం పట్టేసింది. నాలుగైదు రోజుల్లో నడుం వదిలింది గానీ నొప్పి ఎడమ కాల్లోకి దిగింది. పిర్ర నుంచి తొడ వెనకగా, పిక్క మీదుగా, పాదం బయటి అంచు దాకా కరెంటు పెట్టినట్టు జివ్వుమని లాగేది. తుమ్మినా దగ్గినా భరించలేనంత పోటు. చిటికెన వేలి చుట్టూ మొద్దుబారింది. పావుగంట కూర్చుంటే చాలు, లేవాల్సిందే. ఎమ్మారైలో ఎల్5-ఎస్1 దగ్గర, అంటే నడుము చివరి పూసకూ దాని కిందున్న త్రికం ఎముకకూ మధ్య, మెత్తలా ఉండే డిస్క్ బయటికి పొడుచుకొచ్చి ఎడమవైపు ఎస్1 నరాన్ని నొక్కుతోందని, ఎల్4-ఎల్5 డిస్క్ కూడా కాస్త ఉబ్బిందని, డిస్కుల్లో నీరు తగ్గిందని, అరుగుదల మొదలైందని రాశారు.

సర్జన్ ఆపరేషన్ చేయించుకుంటే మంచిదన్నారు. మరో డాక్టర్ తొందరేం లేదు, ఫిజియోథెరపీ చేయించుకోమన్నారు. భర్త ఆమెను మంచం దిగనివ్వడం లేదు. వెన్నెముక మీద కత్తి పడితే కాళ్లు పడిపోతాయని అక్క భయపెడుతోంది. ఇంటి పని చాలావరకు పద్నాలుగేళ్ల కూతురి మీద పడింది. సెలవులు అయిపోవచ్చాయి. బీపీకి రోజూ మందు వాడుతున్నారు. దానికి తోడు ఈ రెండున్నర నెలలుగా రోజుకు రెండు నొప్పి మాత్రలు, రాత్రికి నరాల నొప్పికి ఇచ్చే ప్రీగాబలిన్. పొద్దున లేచేసరికి తల దిమ్ముగా ఉంటోందట. ఈ మధ్య నొప్పి పాదం దాకా పోకుండా ఎక్కువగా పిర్ర, తొడ దగ్గరే ఆగుతోందని ఒకచోట రాశారు. మునివేళ్ల మీద లేచి పై అర అందుకోబోతే ఎడమ కాలు సహకరించడం లేదని ఇంకోచోట రాశారు. చివరికి ఆమె అడిగింది ఇది: ‘వచ్చే వారం సర్జన్‌గారికి తేదీ చెప్పాలి. ఆగితే నరం చచ్చిపోతుందా? చేయించుకుంటే నడక పోతుందా? అసలు నేను నడవాలా, పడుకోవాలా? ఇంట్లో అందరూ తలో మాట అంటున్నారు. ఏది నమ్మాలో తెలియక రాత్రుళ్లు ఏడుస్తున్నాను.’

సమాధానం:

అమ్మా, ముందు నాలుగు ప్రశ్నలు. మూత్రం వస్తున్నట్టు తెలుస్తోందా, వచ్చినప్పుడు మామూలుగా పోగలుగుతున్నారా? మలద్వారం, జననాంగాలు, తొడల లోపలి వైపు, అంటే సైకిల్ సీటుకు ఆనే భాగమంతా, కడుక్కునేటప్పుడు స్పర్శ ఎప్పటిలాగే ఉందా? నొప్పి గానీ తిమ్మిరి గానీ రెండో కాల్లోకి పాకిందా? పాదం నేలకు ఈడ్చుకుపోతోందా? వీటిలో ఏ ఒక్కటి కొత్తగా కనిపించినా వచ్చే వారం దాకా ఆగడానికి లేదు. అర్ధరాత్రైనా సరే ఎమర్జెన్సీకి వెళ్లాలి. వెన్ను చివర గుత్తిగా ఉండే నరాలన్నీ ఒకేసారి నలిగితే ఇలా అవుతుంది. చాలా అరుదు. కానీ అప్పుడు గంటల తేడాతోనే మూత్రం మీద పట్టు శాశ్వతంగా పోవచ్చు. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గిపోవడం, గతంలో కేన్సర్ వచ్చి ఉండటం లాంటివి ఉంటే అవి కూడా డాక్టర్‌కు ముందే చెప్పాలి. మీ ఉత్తరంలో ఇవేవీ లేవు. లేవనే అనుకుని మిగతాది రాస్తున్నాను.

మీ ఉత్తరంలో నొప్పి గురించి చాలా రాశారు. కాలి బలం గురించి ఉన్నది ఒక్క వాక్యం, పై అర సంగతి. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఆ వాక్యమే. సయాటికాలో, అంటే నడుము దగ్గర నరం నలిగి కాల్లోకి దిగే మీలాంటి నొప్పిలో, నొప్పి తీవ్రతకూ నరానికి జరిగిన నష్టానికీ నేరుగా లెక్క కుదరదు. అరిచేంత నొప్పి ఉన్నవాళ్లకు కూడా కాలిలో బలం చెక్కుచెదరకుండా ఉండొచ్చు. నొప్పి తగ్గిపోయిందని సంతోషిస్తున్న మనిషికి లోపల కండరం నీరసించిపోతూ ఉండొచ్చు. అందుకే డాక్టర్ నొప్పి గురించి విన్నాక కాలిని చేత్తో నొక్కి, తోయమని, లాగమని పరీక్షిస్తారు.

ఎస్1 నరం పిక్క కండరాన్ని నడిపిస్తుంది. మడమ ఎత్తి మునివేళ్ల మీద లేచేది ఆ కండరంతోనే. ఇంట్లో ఎవరినైనా పక్కన ఉంచుకుని ఇలా చూడండి. గోడకు ఎదురుగా నిలబడి, రెండు చేతుల వేళ్లూ తేలిగ్గా గోడకు ఆనించండి. ముందు బాగున్న కుడి కాలు. ఎడమ కాలు మడిచి, కుడి మునివేళ్ల మీద లేచి దిగండి. ఇలా పది సార్లు. మడమ ఎంత ఎత్తు లేచిందో పక్కనున్నవాళ్లు చూస్తారు. తర్వాత ఎడమ కాలితో అంతే. పిక్క బలమైన కండరం కాబట్టి చిన్న బలహీనత మొదటి రెండు మూడు సార్లలో బయటపడదు. ఐదోసారికో ఆరోసారికో మడమ సగం దాకానే లేవడం, ఒళ్లు గోడ మీదికి వాలిపోవడం కనిపిస్తుంది. నొప్పి వల్ల మీరే ఆపేస్తున్నారా, నొప్పి లేకపోయినా మడమ లేవడం లేదా అన్నది జాగ్రత్తగా గమనించండి. మొదటిదైతే కంగారు అక్కర్లేదు. రెండోదైతే వచ్చే వారం అపాయింట్‌మెంట్‌ను రేపటికో ఎల్లుండికో జరపమని అడగండి. ఇప్పుడున్న బలం ఎంతో డాక్టర్ చేత కొలిపించి కాగితం మీద రాయించుకోండి. బలం తగ్గుతూ పోతోందని తేలితే, కింద ఆగడం గురించి నేను చెప్పబోయేది మీకు అంతగా వర్తించదు. అప్పుడు ఆపరేషన్ వైపే మొగ్గాలి.

ఇక అసలు ఏం జరిగిందో చూద్దాం. నడుములోని ఎల్4, ఎల్5 నరాలు, వాటి కింద త్రికం దగ్గర్నుంచి వచ్చే ఎస్1, ఎస్2, ఎస్3 కలిసి సయాటిక్ నరం అవుతుంది. ఒంట్లో అన్నిటికంటే లావైన నరం ఇదే. పిర్ర లోపలి నుంచి తొడ వెనకగా దిగి, మోకాలి పైన రెండుగా చీలుతుంది. మీ కాల్లో ఎక్కడా దెబ్బ లేదు. పిక్క బాగానే ఉంది, పాదం బాగానే ఉంది. గేటు దగ్గర బెల్లు నొక్కితే ఇంటి లోపల మోగినట్టు, నడుము దగ్గర నరం మొదట్లో నొక్కు పడితే ఆ నరం వెళ్లే చివరి దాకా నొప్పి తెలుస్తుంది. పాదం బయటి అంచు, చిటికెన వేలు ఎస్1 నరం ఇలాకా. బొటనవేలి వైపు మొద్దుబారి ఉంటే ఎల్5ను అనుమానించేవాళ్లం. మీరు చెప్పిన చోటు, ఎమ్మారై చూపించిన చోటు ఒకదానితో ఒకటి సరిపోతున్నాయి. ఇది మంచి విషయం. రెండూ సరిపోని వాళ్లకే ఏ వైద్యం చేయాలన్నా తికమక.

కాల్లో నొప్పి సయాటిక్ నరం వల్లేనని 1764లో నేపుల్స్‌కు చెందిన వైద్యుడు డొమెనికో కొటూన్యో గ్రంథం రాశాడు. డిస్క్ జారి నరాన్ని నొక్కడం వల్ల అది వస్తుందని, తీసేస్తే తగ్గుతుందని 1934లో బోస్టన్ సర్జన్లు మిక్స్టర్, బార్ చూపించారు. అప్పట్నుంచి చాలాకాలం అందరూ నొక్కుడు గురించే మాట్లాడారు. అది సగమే. డిస్క్ లోపలి మెత్తటి పదార్థం మామూలుగా బయటికి రాదు. అది చీలికలోంచి బయటపడి నరానికి తగిలితే ఆ చోట రసాయనాల వల్ల వాపు పుడుతుంది. వాచిన నరం ముట్టుకుంటే మండుతుంది. మొదటి వారాల్లో మీకున్న ఘోరమైన నొప్పిలో ఈ వాపు వాటా చాలా ఉంటుంది. వాపు దిగిపోయేకొద్దీ, డిస్క్ ముక్క ఇంకా అక్కడే ఉన్నా నొప్పి తగ్గుతుంది. పైగా ఆ ముక్క కూడా అలాగే ఉండిపోదు. ఒళ్లు దాన్ని పరాయి వస్తువులా చూసి కొంచెం కొంచెంగా కరిగించుకుంటుంది. ఎమ్మారైలో చూడగానే గుండె జారిపోయేంత పెద్దగా కనిపించే, డిస్క్ నుంచి విడిపోయిన ముక్కలే చాలాసార్లు బాగా కరిగిపోతాయి.

ఎమ్మారై రిపోర్టులో మీరు గీత గీసి పంపిన మిగతా మాటలు, డిస్క్ ఉబ్బడం, నీరు తగ్గడం, అరుగుదల, చదివి మీ వెన్నెముక మొత్తం శిథిలమైపోయిందనుకున్నారు. అలా కాదు. ఏ నొప్పీ లేని మూడు వేల మందికి పైగా స్కానింగుల వివరాలను కలిపి 2015లో ఒక సమీక్ష ప్రచురించారు. ఇరవై ఏళ్ల వయసులోనే నూటికి 30 మందికి డిస్క్ ఉబ్బి ఉంది. నలభై ఏళ్లకు సగం మందికి. ఎనభై ఏళ్లకు నూటికి 84 మందికి. వాళ్లెవరికీ నొప్పి లేదు. కాబట్టి మీ ఎల్4-ఎల్5 సంగతి పక్కన పెట్టండి. లెక్కలోకి తీసుకోవాల్సింది ఆ ఎస్1 నరం మీద పడిన ముక్క ఒక్కటే. రిపోర్టు కాగితాన్ని రోజూ తీసి చదవడం కూడా మానేయండి, దయచేసి.

మీరు ఒక మంచి వార్తను కూడా మంచిదని గుర్తించకుండా రాశారు. నొప్పి పాదం నుంచి వెనక్కి తగ్గి పిర్ర, తొడ దగ్గరే ఆగుతోందన్నారు కదా. పిర్ర దగ్గర ఎక్కువైందేమోనని భయపడ్డారు. మామూలుగా కోలుకునే దారి అదే. నొప్పి కింది నుంచి పైకి, నడుము వైపు ముడుచుకుంటూ వస్తుంది. నడుములో కాసేపు కాస్త ఎక్కువ అనిపించినా సరే, కాల్లో ఎంత కిందికి దిగుతోందన్నదే కొలబద్ద. న్యూజిలాండ్‌కు చెందిన ఫిజియోథెరపిస్టు రాబిన్ మెకెంజీ తన వ్యాయామ పద్ధతినంతా ఈ గమనిక మీదే నిర్మించాడు. కూర్చునే తీరు, పడుకునే తీరు, వ్యాయామం, ఏదైనా సరే నొప్పిని పైకి లాగితే మీకు పనికొచ్చేది. నొప్పిని మళ్లీ పాదంలోకి దింపితే, ఎవరు చెప్పినా, ఎంత మంచిదన్నా, ఇప్పటికి మానేయాల్సింది. అయితే ఒక్క జాగ్రత్త. నొప్పి తగ్గి, తిమ్మిరీ బలహీనతా పెరుగుతుంటే అది కోలుకోవడం కాదు. మడమ పరీక్ష అందుకే ముందు చెప్పాను.

మొద్దుబారడం మాత్రం ఆలస్యంగా వదులుతుంది. నరంలోని పోగులు దెబ్బతిన్న చోట మళ్లీ పెరగాలంటే రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతాయి. నడుము నుంచి చిటికెన వేలికి దూరం ఎంతో ఆలోచించండి. నెలలు పట్టొచ్చు. కొందరికి ఆ వేలి దగ్గర కాస్త మొద్దుతనం ఉండిపోతుంది. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలోనూ అంతే. నరం చచ్చిపోతోందనడానికి అది ఒక్కటే గుర్తు కాదు.

మంచం గురించి. మీవారిది ప్రేమే, కాదనను. కానీ పడుకోబెట్టి ఉంచితే త్వరగా తగ్గుతుందన్నది నిజం కాదని 1999లోనే తేలింది. సయాటికా ఉన్నవాళ్లలో సగం మందిని రెండు వారాలు మంచం మీద ఉంచి, మిగతావాళ్లను చేయగలిగినంత తిరగనిచ్చి చూశారు. రెండు గుంపులకూ తేడా లేదు. మరీ నొప్పిగా ఉన్న ఒకటి రెండు రోజులు పడుకోవడంలో తప్పు లేదు. పది వారాలు పడుకుంటే నడుము కండరాలు చిక్కిపోతాయి, నిద్ర చెడిపోతుంది, ప్రతి కదలికా నరాన్ని కోసేస్తుందన్న భయం ముదిరిపోతుంది. మీరు రాత్రుళ్లు ఏడవడంలో ఈ భయం వాటా పెద్దదనిపిస్తోంది నాకు. కదిలితే నొప్పి వస్తోందంటే, కదిలినందువల్ల పాడవుతోందని అర్థం కాదు.

కాబట్టి నడవండి. చదునైన చోట, పది నిమిషాలు, రోజుకు మూడు నాలుగు సార్లు. నొప్పి పిక్క దాటి కిందికి దిగడం మొదలైతే అక్కడితో ఆపండి, మళ్లీ రెండు గంటలకు బయల్దేరండి. మంచం మీంచి లేచేటప్పుడు నిటారుగా లేవకండి. ముందు మోకాళ్లు మడిచి ఒక పక్కకు దొర్లండి, కాళ్లు అంచు నుంచి కిందికి దింపుతూ అదే ఊపులో మోచేత్తో, రెండో అరచేత్తో ఒంటిని పైకి నెట్టండి. పక్కకు పడుకుంటే మోకాళ్ల మధ్య దిండు, వెల్లకిలా అయితే మోకాళ్ల కింద దిండు. తుమ్ము వస్తోందనిపిస్తే గోడనో బల్లనో పట్టుకుని నడుమును కాస్త వెనక్కి వంచండి, ముందుకు ముడుచుకోవద్దు. పోటు చాలా తగ్గుతుంది.

ఒక పని మాత్రం వెంటనే మానండి. కాలు వెనక లాగుతోంది కదా అని, కాలు చాపి మునివేళ్లు అందుకునే వ్యాయామం పొద్దునా సాయంత్రం చేస్తున్నానన్నారు. అక్కడ బిగుసుకున్నది కండరం కాదు. మీరు సాగదీస్తున్నది వాచిన నరాన్ని. డాక్టర్ మిమ్మల్ని వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంగకుండా ఎడమ కాలును మెల్లగా ఎత్తినప్పుడు సగం దారిలోనే ‘అబ్బా’ అన్నారు కదా. నరం సాగితే నొప్పి వస్తుందని చూడటానికే ఆ పరీక్ష. దాన్ని రోజుకు ఇరవై సార్లు మీ అంతట మీరే చేసుకుంటున్నారు. గట్టిగా మర్దన చేయించుకోవడం, నడుం విరిపించుకోవడం కూడా ఇప్పుడు వద్దు. బెల్టు అవసరమైతే ప్రయాణంలోనో కాసేపు నిలబడాల్సి వచ్చినప్పుడో పెట్టుకోండి, రోజంతా వద్దు.

మందుల దగ్గర నాకు ఆందోళనగా ఉంది. బీపీ ఉన్న మనిషి రెండున్నర నెలలు రోజుకు రెండు నొప్పి మాత్రలు వేసుకోవడం చిన్న విషయం కాదు. ఈ రకం మాత్రలు బీపీని పెంచుతాయి, బీపీ మందు పనిని తగ్గిస్తాయి, కడుపులో పుండు పడేలా చేస్తాయి, కిడ్నీల మీద భారం వేస్తాయి. కొన్ని రకాల బీపీ మందులతో కలిస్తే కిడ్నీలకు ముప్పు ఇంకా ఎక్కువ. ఈ వారంలోనే బీపీ చూపించుకుని, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి. మలం నల్లగా వస్తే మాత్ర ఆపేసి వెంటనే డాక్టర్‌కు చూపించుకోండి. పైగా సయాటికాలో ఈ మాత్రల ఉపయోగం మనం అనుకున్నంత లేదు. ప్రీగాబలిన్ సంగతీ అంతే. 2017లో ఆస్ట్రేలియాలో 209 మంది మీద చేసిన పరిశోధనలో అది ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగేమీ కాదని, తల తిరగడం మాత్రం ఎక్కువని తేలింది. బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు సయాటికాకు దాన్ని ఇవ్వొద్దనే చెబుతున్నాయి. మీ తల దిమ్ముకు కారణం అదే కావచ్చు. అలాగని రేపే ఆపేయకండి. ఒక్కసారిగా మానేస్తే నిద్ర పట్టకపోవడం, చెమటలు, ఆందోళన వస్తాయి. ‘నాకు దీనివల్ల లాభం కనిపించలేదు, మెల్లగా తగ్గించి ఆపుదాం’ అని రాసిచ్చిన డాక్టర్‌నే అడగండి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. ముందు మీ అక్కగారి భయాన్ని తీసేద్దాం. కాళ్లు పడిపోతాయన్న మాట వెన్నుపాము గురించి. వెన్నుపాము పెద్దవాళ్లలో ఎల్1, ఎల్2 పూసల దగ్గరే ముగిసిపోతుంది. మీకు ఆపరేషన్ చేసేది దానికి చాలా కింద, ఎల్5-ఎస్1 దగ్గర. అక్కడ వెన్నుపాము లేదు, విడివిడి నరాలే ఉన్నాయి. చిన్న కోత పెట్టి, మైక్రోస్కోపులో చూస్తూ, నరాన్ని మెల్లగా పక్కకు జరిపి, బయటికొచ్చిన డిస్క్ ముక్కను మాత్రం తీస్తారు. అదే రోజో మర్నాడో నడిపిస్తారు. ప్రమాదం అసలే లేదని చెప్పను. నరాల చుట్టూ ఉండే పొర చిరగడం, ఇన్‌ఫెక్షన్, నరానికి గాయం కొద్దిమందిలో జరుగుతాయి. నూటికి 5 నుంచి 15 మందికి అదే చోట డిస్క్ మళ్లీ జారుతుంది. ఇంకో సంగతి, ఆపరేషన్ బాగా తగ్గించేది కాలి నొప్పిని. నడుం నొప్పి కూడా మాయమవుతుందని ఆశ పెట్టుకుంటే నిరాశ తప్పదు.

మీ ఇద్దరు డాక్టర్లూ ఒకరికొకరు వ్యతిరేకంగా చెప్పారనుకుంటున్నారు. నాకలా అనిపించడం లేదు. నెదర్లాండ్స్‌లో చేసి 2007లో ప్రచురించిన ఒక పరిశోధన దాదాపు మీ పరిస్థితి గురించే. తీవ్రమైన సయాటికా వచ్చి 6 నుంచి 12 వారాలైన 283 మందిని తీసుకున్నారు. సగం మందికి వెంటనే ఆపరేషన్. మిగతావాళ్లను ఆగమని, తప్పకపోతేనే చేస్తామన్నారు. వెంటనే చేయించుకున్నవాళ్లలో సగం మంది 4 వారాలకే కోలుకున్నామన్నారు. ఆగినవాళ్లలో సగం మందికి అది 12 వారాలు పట్టింది. కానీ ఏడాది తిరిగేసరికి రెండు గుంపుల్లోనూ నూటికి 95 మంది కోలుకున్నారు. ఆగినవాళ్లలో నూటికి 39 మంది మధ్యలో నొప్పి తాళలేక ఆపరేషన్‌కే వెళ్లారు. దీన్నిబట్టి, ఆపరేషన్ మీకు కొనిపెట్టేది ముఖ్యంగా త్వరగా తగ్గడం. ఆగడం మీకిచ్చేది కత్తి పడకుండా బయటపడే అవకాశం. బలహీనత పెరగనంత వరకు రెండూ తప్పు కాదు. సర్జన్‌గారు మీ బాధ త్వరగా పోవాలని చూశారు, రెండో డాక్టర్ ఆపరేషన్ లేకుండా గట్టెక్కించాలని చూశారు.

మడమ పరీక్షలో బలం బాగానే ఉందని తేలితే, మీకు మూడు దారులున్నాయి.

ఒకటి, ఆగడం. నొప్పి పైకి ముడుచుకుంటోంది కాబట్టి నా మనసు దీనివైపే ఉంది. కానీ ఇప్పటిదాకా గడిచిన పది వారాల్లాగా ఆగడం కాదు. మంచం దిగి, నడుస్తూ, మంచి ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకున్న వ్యాయామాలు చేస్తూ మరో ఆరు వారాలు. వారానికోసారి మడమ పరీక్ష, ఎన్ని నిమిషాలు కూర్చోగలుగుతున్నారు, ఎంత దూరం నడవగలుగుతున్నారు అన్నది రాసుకోండి. దీని మూల్యం ఏమిటంటే, ఇంకొన్ని రాత్రులు నిద్ర చెడొచ్చు, చివరికి ఆపరేషనే చేయించుకోవాల్సి రావచ్చు. అయినా ఆ ఆరు వారాలు వృథా కావు, ఆగినందువల్ల ఏడాది చివర ఫలితం చెడలేదని పైన చూశాం.

రెండోది, నరం చుట్టూ స్టెరాయిడ్ ఇంజెక్షన్. ఇది డిస్క్‌ను ఏమీ చేయదు. వాపు తగ్గిస్తుంది. కొందరికి కొన్ని వారాలు హాయిగా ఉంటుంది, కొందరికి ఏమీ తెలియదు. నిద్ర లేక నడవలేకపోతున్నవాళ్లకు ఆ కొన్ని వారాల ఊరట వ్యాయామం మొదలుపెట్టేందుకు సాయపడుతుంది. మీకు షుగర్ కూడా ఉంటే కొన్ని రోజులు పెరుగుతుంది, ముందే చెప్పండి. ఇంజెక్షన్‌తో ఆపరేషన్ తప్పుతుందని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి.

మూడోది, ఆపరేషన్. నొప్పి ఇప్పుడున్నంతే ఉండి కదలకపోయినా, ఉద్యోగం పోయే పరిస్థితి వచ్చినా, ఇక భరించలేనని మీకే అనిపించినా దీన్ని ఎంచుకోవడం పిరికితనం కాదు. అయితే నెలల తరబడి, ఏడాదీ రెండేళ్లూ వాయిదా వేస్తూ పోవడం కూడా మంచిది కాదు. నాలుగు నెలలు దాటినా తగ్గని సయాటికాలో ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకే ఆరు నెలల తర్వాత కాలి నొప్పి బాగా తక్కువగా ఉందని 2020లో కెనడా పరిశోధకులు చూపించారు. అంటే మీకున్న గడువు ఇంకో ఆరు వారాలు, మహా అయితే రెండు నెలలు. అప్పటికీ కాలు ఇలాగే ఉంటే మళ్లీ కూర్చుని, ఈసారి ఆపరేషన్ గురించి గట్టిగా ఆలోచించాలి.

ఆఫీసుకు సంబంధించి, పూర్తిగా తగ్గాక వెళ్దామని చూడకండి. పని చేస్తూ కోలుకోవచ్చు. రోజుకు మూడు నాలుగు గంటలు, బల్ల ఎత్తు పెంచుకుని కొంతసేపు నిలబడి, ఇరవై నిమిషాలకోసారి లేచి నాలుగడుగులు వేసే వీలు ఇవ్వమని అడగండి. డాక్టర్ చేత అదే మాట సర్టిఫికెట్‌లో రాయించండి. ‘విశ్రాంతి అవసరం’ అని రాస్తే ఆఫీసుకు ఏం ఏర్పాటు చేయాలో తెలియదు. ‘కూర్చునే సమయం ఇంత, బరువులు వద్దు’ అని రాస్తే తెలుస్తుంది.

మీ అమ్మాయి గురించి రాసిన రెండు వాక్యాలు చదివి బాధ కలిగింది. ‘దానికి నన్ను చూస్తే కోపం వస్తోందేమో’ అన్నారు. పద్నాలుగేళ్ల పిల్లకు కోపం కన్నా భయమే ఎక్కువ ఉంటుంది. అమ్మ ఎప్పటికీ లేవదేమోనన్న భయం. ఇది తగ్గే జబ్బని, ఎన్ని వారాల్లో ఏం చూడాలో మీకు తెలిసింది కదా, ఆ మాటే తనకీ చెప్పండి. కూర్చోకుండా, వంగకుండా చేయగల పనులు కొన్ని మీరు వెనక్కి తీసుకోండి. నిలబడి బట్టలు మడతపెట్టడం మీ కాలికి చెడు చేయదు. మీవారిని మాత్రం మీతో పాటు సర్జన్ దగ్గరికి తీసుకెళ్లండి. నడిస్తే నరం తెగదన్న మాట ఆయన డాక్టర్ నోటి నుంచే వినాలి.

అక్కడ తేదీ చెప్పేముందు ఇవి అడగండి. నా పిక్కలో బలం ఎంత ఉంది, మొదటిసారి చూసినప్పటికీ ఇప్పటికీ తేడా ఉందా? మడమ వెనక సుత్తితో కొట్టి చూసే రిఫ్లెక్స్ వస్తోందా? ఆరు వారాలు ఆగితే నా విషయంలో మీకు ప్రత్యేకంగా ఉన్న భయం ఏమిటి? ఆపరేషన్ చేస్తే తీసేది ముక్కనేనా, లేక పూసలను కలిపి బిగించే స్క్రూలు కూడా వేస్తారా, వేస్తే ఎందుకు? మీకున్నట్టు ఒక్క డిస్క్ జారినప్పుడు, పూస జరిగి ఉండటంలాంటి ఇంకో కారణం లేకపోతే, మామూలుగా స్క్రూల అవసరం ఉండదు. వేస్తామంటే మరో సర్జన్‌కు కూడా చూపించుకోండి. జవాబులు మీవారి చేత రాయించుకుని ఇంటికొచ్చి, ఒక రాత్రి ఆలోచించుకుని మర్నాడు ఫోన్ చేసి చెప్పండి. మడమ పరీక్షలో ఏం తేలిందో నాకూ ఒక ముక్క రాయండి.